జాయింట్ల కాడ

రాత్రి మూడు గంటలకు
ముందుగాల నా మోచేతికి తెలుస్తది.
కండ్లు తెరువక ముందే, లైటు ఎయ్యక ముందే
బొంత మీద సల్లగ ఏదో నడిచొచ్చి
మోచెయ్యి కింద కూసుంటది.

లేచి సూస్తే లోహిత్‌గాడు,
రెండేండ్లోడు, బోర్ల పండుకొని
పిర్రలు మీదికి లేపి
లోకం మునిగితే నాకేందన్నట్టు నిద్ర.
గమ్మతేందంటే, డైపర్ ఎనకంత పొడి,
ముంగట వరద.

ఏడు చీరెల బొంత అది, మా అమ్మ కుట్టింది.
వానకాలం మూడు దినాలైనా ఆరదు.
నాకు అయిదుంబావుకు కంపెనీ బస్సు.
గోలీల కంపెనీల తెల్ల కోటు ఏసుకునేదాన్ని,
సబ్బుతోటి రెండుసార్లు కడుక్కున్నా
కిటికీ పక్క సీటు కోసం ఉరుకుతా,
ఎవలన్న ముక్కు ఎగబీలుస్తరేమోనని.

మా ఆయన ప్లంబరు.
సిగ్నల్‌గడ్డ కెల్లి బాదేపల్లి దాక
ఎవలింట్ల నల్లా కారినా శ్రీశైలమే కావాలె.
గోడకు చెవి పెట్టి చెప్తడు
పైపు యాడ పగిలిందో.
ఇంట్ల మాత్రం
ఈ పన్నెండు కిలోల లీకేజీ ముంగట
పాన సంచి కింద పెట్టి చేతులెత్తిండు.

రేటెక్కువది తెచ్చినం.
ప్యాకెట్ మీద కుందేలు పోయి ఏనుగొచ్చింది,
తడి పోలే.
అత్తమ్మ ఫోన్ల అన్నది:
"పొద్దుగూకినంక నీళ్లు తాపకు బిడ్డా."
ఒక్క రాత్రి తాపలే.
చెంబు దిక్కు ఏలు సూపెట్టి ఏడ్చిండు.
నీళ్లకేడ్చేటోన్ని సూసుకుంట పండుకునే గుండె
పాలమూరోళ్లకు యాడిది?
తాపిన.
తడిసిన.

పక్క రూం సాబేరక్క అయిదుగురిని పెంచింది.
వాని తొడ మీద ఎర్ర గీత సూసి
నా మొకం సూసింది.
"కిలోలు సూడకు, తొడ సూడు. పెద్ద సైజు తే.
ఇగ మొగపోరడు గదా,
ఏసేటప్పుడు టోటీ కిందికి పెట్టు."
శ్రీశైలం పడి పడి నవ్విండు.
నవ్వుకుంట నవ్వుకుంట ఆగిపోయిండు.
"టోటీ మీదికుంటే
నీళ్లు మీదికే గదనే పోయేది" అన్నడు,
ఇరవై ఏండ్లసంది చేసే పనిని
గప్పుడే కొత్తగ చూసినట్టు.

ఆ రాత్రి పెద్ద సైజు తొడిగి
సెల్లు లైటు నోట్ల కరుసుకొని
మోకాళ్ల మీద కూసుండు.
తొడ సుట్టు సిటికెనేలు తిప్పిండు,
చుట్టలు దిగిందా లేదా అని
పైపు మరలు తడిమినట్టు.
లోపటికి మడతపడ్డ కుచ్చు అంచును
మెల్లగ బయటికి గుంజి
"ఇగో, ఈడనే" అన్నడు.
"నడుమల ఎన్నడు కారదు.
కారితే జాయింట్ల కాడనే."

పదకొండుకు మళ్ల లేచిండు.
నేను నిద్రపోతున్నననుకున్నడు.
నేను సూస్తనే ఉన్న.
సిమెంటు తిని పగిలిన చేతులవి,
తుప్పు బట్టిన నట్టును తిట్టి తిట్టి ఇప్పే చేతులు.
డైపర్ అంటింపు ఇప్పుతుంటే
చప్పుడు లేదు.
వాని కాళ్లు రెండు ఒక్క చేత పట్టి లేపి
పొడిది కిందికి జరిపి
టోటీ సరిజేసి
అంచులు సవరించి
కాసేపు అట్లనే సూసుకుంట కూసున్నడు,
నీళ్లు ఇడిసినంక
బిగించిన పైపు కాడ నిలబడ్డట్టు.

మూడు గంటలకు
మోచెయ్యి అలవాటున లేచింది.
తడిమిన. పొడి.
వాని ఈపు కింద తడిమిన. పొడి.
నమ్మక బొంత కిందికెల్లి చెయ్యి పోనిచ్చిన.
మా అమ్మ చీరెలు ఏడూ పొడి.
బస్సుకింక రెండు గంటలుంది,
నిద్ర మాత్రం రాలే.

వాకిట్ల మా నల్లా టప్ టప్ మంటనే ఉంది,
ఏడాదిసంది.
ఊరందరివి బాగుచేసేటోని ఇంటి నల్లా.
పొద్దున చెప్పాలె.
ఈ రాత్రికి కారనియ్యి.